వెనక తలుపు

మా యార్డులో ఉన్నవన్నీ అనాథలే. అనాథ అంటే కాగితాలు లేని బండి. ఎవరు కొన్నారో, ఎవరు తోలారో, ఎక్కడ మాయమై మా గేటు ముందు తేలిందో ఎవరికీ తెలియని బండి. ఆ పేరు పెట్టింది మా నాన్నే. కొనడానికి వచ్చేవాళ్లు గేటు దగ్గర నిలబడి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగేవాళ్లు: "అనాథలేమైనా దిగాయా పెద్దాయనా?"

వాటిని లోపల శుభ్రం చేయడం నా పని. సీట్ల కింద ఏవేవో దొరికేవి. దువ్వెనలు, ఒంటి చెవిపోగులు, ఎండిపోయిన వాంతి, ఎవరిదో కళ్లజోడు. చిన్నపిల్లల చెప్పు దొరికితే మాత్రం ఆ పూట నాకు అన్నం సయించేది కాదు. నాన్నకి చూపిస్తే, "ఆ పిల్ల ఈపాటికి పెద్దదైపోయి ఉంటుందిలే" అనేవాడు. ఏమడిగినా ఆయన దగ్గర జవాబు తయారుగా ఉండేది. నాకు ఆయన మీద ఎంత కోపమొచ్చినా ఆ జవాబులకి నవ్వొచ్చేది. అదే నా బలహీనత.

అమ్మ పోయాక ఇంట్లో మిగిలింది నలుగురం. కింద రెండు గదుల్లో నాన్నా నేనూ, పైగదిలో అక్కా బావా. తలగడలు కూడా డీజిల్ వాసన వేసే ఇల్లది. బావ సీసాల ఫ్యాక్టరీలో బండి తోలేవాడు. ఖాళీ రోడ్డు మీద కూడా ఎర్ర లైటు చూసి ఆగిపోయే మనిషి. నాన్నకి అదొక పెద్ద హాస్యం. "మా అల్లుడు శ్మశానం దారిలో కూడా హారన్ కొట్టి వెళతాడు" అని అందరితో చెప్పుకునేవాడు. వానలు మొదలయ్యే ముందు ఆ ఫ్యాక్టరీ మూతపడింది. కొన్నాళ్లు బావ పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, చొక్కా ఇస్త్రీ చేసుకుని, వెళ్లడానికి చోటు లేక మెట్ల మీద కూర్చునేవాడు. అది చూడలేక నాన్న ఒకరోజు యార్డులోంచి తెల్ల వ్యాను ఒకటి బయటికి తీశాడు.

"మంచినీళ్ల క్యాన్లు వేసుకో. ఊరవతల కొత్త ఇళ్లవాళ్లు నీళ్లకి మొహం వాచి ఉన్నారు" అని తాళం బావ చేతిలో పెట్టాడు.

అక్క మెట్ల మీంచే అడిగింది. "అనాథని అమ్ముకోవాలి గానీ ఇంట్లోకి తెచ్చుకోకూడదని నువ్వే కదా అంటావు?"

"ఈ వానలు గడవనీ అమ్మా. తర్వాత కాగితాలున్న బండి నేనే చూసిపెడతాను."

"ఎవరైనా ఆపితే ఏం చెప్పాలి మామయ్యా?" అన్నాడు బావ.

"ఆ రోడ్డు మీద ఆపేవాడెవడు? ఆపితే నా పేరు చెప్పు."

"నీ పేరు చెబితే ఇంకో రెండు రోజులు ఎక్కువ ఉంచుకుంటారు" అన్నాను నేను. నాన్నా బావా ఇద్దరూ నవ్వారు. అక్క నవ్వలేదు. "అడుసు తొక్కడమెందుకు, కాలు కడగడమెందుకు" అనుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

కానీ ఆ కొన్ని వారాలు ఇల్లు బాగుంది. బావ మళ్లీ పాటలు కూనిరాగం తీస్తూ స్నానం చేసేవాడు. అక్క అతనికి క్యారేజీ కట్టి, వ్యాను సందు మలుపు తిరిగేదాకా పిట్టగోడ దగ్గర నిలబడేది.

వానలు జోరందుకున్నాక ఒక మధ్యాహ్నం నాన్న ఫోను మోగింది. చేతులకి గ్రీజు ఉండడంతో నన్ను స్పీకరు పెట్టమన్నాడు. అవతల బావ.

"మామయ్యా, వెనక నుంచి కంకర లారీ గుద్దేసింది. బండి నా చేతిలో లేదు, బస్టాపులోకి దూసుకుపోయింది. ఒకావిడ కింద పడింది. ఎవరిదో కారు ఆపి ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్తున్నా."

"నీకేం కాలేదు కదా?"

"నాకేం కాలేదు. బండి అక్కడే వదిలేశాను."

"బండి సంగతి నాకొదిలెయ్. నువ్వు ఎవరితోనూ ఏమీ మాట్లాడకు."

ఆపద వచ్చినప్పుడు నాన్నని చూసి తీరాలి. అంత లావు మనిషి పాతికేళ్ల కుర్రాడైపోతాడు. పాత బండ్లు కోసి అమ్ముకునే మా వీధి మొత్తానికి ఆయన నేర్పిన పాఠం ఒక్కటే: బండి కనపడితే కేసు, కనపడకపోతే వట్టి కథ. అమ్మిన బండి ఎక్కడైనా గొడవలో చిక్కుకుందని తెలిస్తే ముందు బండిని మాయం చేయాలి, తర్వాతే మిగతా మాటలు. ఎన్నోసార్లు అలా చేశాడు, ఎంతోమందిని గట్టెక్కించాడు. ఆ రోజూ మెకానిక్ బోల్టు బాబాయిని వెంటేసుకుని, బండ్లు లాగే ట్రక్కు తీసుకుని వానలో వెళ్లిపోయాడు. పోలీసులు బస్టాపుకి చేరేలోపే వ్యాను మా యార్డులో ఉంది.

ముందు అద్దం పగిలి సాలెగూడులా ఉంది. నేను ముందువైపు ఎక్కువసేపు చూడలేకపోయాను. వెనక్కి వెళితే, వెనక భాగమంతా కాలితో తొక్కిన డబ్బాలా లోపలికి నొక్కుకుపోయి ఉంది. వెనక తలుపు మీద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఆకుపచ్చ రంగు రాసుకుపోయి ఉంది.

"గట్టిగా గుద్దాడన్నా" అన్నాడు బోల్టు బాబాయి.

"గేటు వెయ్యి" అన్నాడు నాన్న నాతో.

రేకుల మీద వాన చప్పుడులో గ్యాస్ కట్టరు చప్పుడు బయటికి వినపడలేదు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు వీధిలోవాళ్లంతా వచ్చి చేతికందింది పట్టుకుపోయారు. ఇంజను ఒకరు, చక్రాలు ఒకరు, సీట్లు ఒకరు, తలుపులు ఒకరు. చీకటి పడేలోపు అక్కడ బండి ఉండేదన్న ఆనవాలు లేదు. గాజుపెంకులు నేనే ఊడ్చి గోనెసంచిలో ఎత్తాను. నాన్న కిరసనాయిల్‌తో చేతులు కడుక్కుంటూ తృప్తిగా నిట్టూర్చాడు.

"అల్లుడికి ఏ మరకా అంటకుండా చేశాను. బండీ లేదు, కేసూ లేదు."

అప్పుడే అక్క మెట్లు దిగి వచ్చింది. ఫోను చేతిలోనే ఉంది. "ఆవిడ చనిపోయిందట" అంది. "ఆయన్ని స్టేషన్‌లో కూర్చోబెట్టారట."

ముగ్గురం వెళ్లాం. బావ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా నిండా రక్తం. అది అతనిది కాదు. నాన్నని చూడగానే లేచి నిలబడ్డాడు. ఆ ముఖంలో వచ్చిన వెలుగు నేను చచ్చేదాకా మరిచిపోను.

"వచ్చారా మామయ్యా! సార్, వీరే మా మామయ్య. ఇందాకట్నుంచీ చెబుతూనే ఉన్నాను కదండీ, వెనక లారీ గుద్దబట్టే బండి ముందుకి పోయిందని. బండి వెనక్కి వెళ్లి చూస్తే మీకే తెలుస్తుందని. వీళ్లు వెళ్లేసరికి బండి లేదట మామయ్యా. మీరే కదా తెచ్చి లోపల పెట్టించారు? వీళ్లకి చూపించండి. వెనక తలుపు చూపిస్తే చాలు."

నాన్న చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో ఉంది. ఆయన దాన్ని విప్పి సరైన దాంట్లో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. వేళ్లు తడిగా ఉన్నాయేమో, ఎంతసేపటికీ పట్టలేదు.

"నాన్నా, బండి ఎక్కడుంది?" అంది అక్క. పొద్దున్నంతా పైగదిలో కుట్టుమిషను ముందు కూర్చుని, తర్వాత నిద్రపోయిన మనిషి. కింద ఏం జరిగిందో ఆమెకి తెలియదు.

నాన్న దగ్గర జవాబు లేకపోవడం నేను చూడడం అదే మొదలు.

ఆఫీసరు కుర్చీలో వెనక్కి వాలాడు. "గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేనింకా ఏమీ అనకముందే బండి మాయం చేశారన్నమాట. తప్పు లేనివాళ్లు చేసే పనేనా ఇది?"

"నేను చూశానండీ" అన్నాను. "వెనకంతా నలిగిపోయింది. ఆకుపచ్చ రంగు కూడా అంటుకుంది."

"నువ్వెవరమ్మా?"

"మరదల్ని."

"బావ తరఫున మరదలు చెప్పక ఇంకెవరు చెబుతారు" అన్నాడు ఆయన. పక్కనున్న కానిస్టేబుళ్లు నవ్వారు. బావ మాత్రం నాన్న వంకే చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు. అర్థం కాక చూస్తున్నాడంతే. అతని ముఖంలోంచి వెలుగు ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు.

మేం పెట్టుకున్న లాయరు ముక్కుసూటి మనిషి. "మీ అల్లుడు గుర్తు చెప్పిన కంకర లారీ వాళ్లేమో మా లారీ ఆ రోజు షెడ్డు దాటలేదంటున్నారు. బస్టాపులో వాళ్లంతా గొడుగుల కింద ఉన్నారు. వాళ్లకి కనపడింది మీ వ్యాను ఒక్కటే. ఆ వెనక తలుపు మీద లారీ రంగు ఉందంటున్నారుగా, అది తెచ్చి నా చేతిలో పెట్టండి. పరీక్షకి పంపించమని అడుగుతాను. మీ అల్లుడు ఇంటికొస్తాడు. అది లేకపోతే, మనిషిని చంపి బండి దాచాడంటారు. ఏళ్లకేళ్లు లోపలే."

మర్నాడే నాన్న స్టేషనుకి వెళ్లి నిజం చెప్పేశాడు. నేనూ వెంట ఉన్నాను.

"ఆ బండి కోయించింది నేనండీ. మా అల్లుడికి ఏ పాపమూ తెలియదు."

"ఏ బండి? నంబరు చెప్పు."

"నంబరు లేదండీ."

"ఎవరి దగ్గర కొన్నావు?"

"తెలియదండీ."

"ముక్కలు ఎవరెవరు పట్టుకెళ్లారు?"

"చాలామంది వచ్చారండీ. ఎవరు ఏది తీసుకున్నారో చూడలేదు."

"మరి నీకు తెలిసిందేమిటయ్యా?" అన్నాడు ఆఫీసరు. "అల్లుడి కోసం మామ అబద్ధమాడడం కొత్తేమీ కాదు. నీ వంతు కూడా వస్తుందిలే, తొందరపడకు."

బయటికొచ్చాక నాన్న వానలోనే నిలబడిపోయాడు. గొడుగు పడితే పక్కకి నెట్టేశాడు. నాకు ఆయన్ని చూస్తే అసహ్యం వేసింది. ఆ అసహ్యంలోనే జాలి కూడా వేసింది. ఈ రెండూ ఒకే మనిషి మీద ఒకేసారి కలిగితే ఏం చేయాలో నాకు ఎవరూ నేర్పలేదు.

అప్పట్నుంచి ఆయన చేసిన పని ఒక్కటే, ఆ తలుపుని వెతకడం. ముందు మా వీధిలోనే ఇల్లిల్లూ తిరిగాడు. తలుపు పట్టుకుపోయినవాడు ఇంకొకరికి ఇచ్చానన్నాడు. ఆ ఇంకొకరు ఎవరికో ఇచ్చానన్నాడు. అక్కడితో దారి తెగిపోయింది. వాళ్లేమీ దాచడం లేదు. నిజంగానే గుర్తు లేదు. సీట్లు అమ్మే ముసలాయన నాన్న చేయి పట్టుకుని కన్నీళ్లు పెట్టుకున్నాడు కూడా.

"ఎవరి దగ్గర కొన్నానో గుర్తుపెట్టుకునేవాడు ఈ వీధిలో బతకడని నువ్వే కదా చెప్పావు తమ్ముడూ. నీ మాట మీద ఇన్నేళ్లు నడిచాం. ఇప్పుడు గుర్తు తెచ్చుకోమంటే ఎక్కణ్ణుంచి తెచ్చేది?"

వీధిలో లాభం లేదని తేలాక ఊరి మీద పడ్డాడు. ఆ తలుపుకి లోపలి బందు దగ్గర ఆయన చేత్తో వేసిన వెల్డింగు ఉంది. వంకరగా, జారిన మైనంలా ఉంటుంది, ఎక్కడున్నా గుర్తుపడతానన్నాడు. మార్కెట్లో, బడి గేట్ల దగ్గర, గోడౌన్ల ముందు, ఎక్కడ తెల్ల వ్యాను ఆగినా వెనక తలుపు సందులో చెయ్యి పెట్టి తడిమేవాడు. జనం తిట్టేవాళ్లు. ఒకచోట దొంగ అనుకుని చెయ్యి చేసుకున్నారు. "మీరనుకున్నది నిజమేలే బాబూ, కానీ ఇది ఆ పని కాదు" అన్నాడట నాన్న వాళ్లతో. దెబ్బలకి పసుపు రాస్తుంటే ఆ మాట నాకు చెప్పి నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

అక్క ఆయనతో మాట్లాడడం మానేసింది. వండి పెట్టేది, కంచం ముందు పెట్టి వెళ్లిపోయేది. జైలుకి వెళ్లి బావని చూసొచ్చిన రోజు మాత్రం ఒక్క ముక్క, అదీ నా వైపు తిరిగి చెప్పేది. "తలుపు దొరికిందా అని అడుగుతున్నారే." ఆ మాటకి నాన్న నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయేది.

బావ ఒక్కసారి కూడా మామయ్యని నిందించలేదట. చనిపోయినావిడ ఇంటివాళ్లు ఎలా ఉన్నారో కనుక్కోమని చెప్పి పంపాడు. అక్క వెళ్లింది. వాళ్లు తలుపు తీయలేదు. తీయాల్సిన పని వాళ్లకేముంది? తమ మనిషిని చంపినవాడి పెళ్లాం కదా వాళ్ల దృష్టిలో. అక్క గుమ్మం దగ్గర కాసేపు నిలబడి వచ్చేసిందట. ఆ రాత్రి పైగదిలో కుట్టుమిషను ఆగకుండా తిరుగుతూనే ఉంది.

వానలు తగ్గుముఖం పట్టాయి. కోర్టులో వాయిదా దగ్గర పడింది. ఆ వారంలోనే తలుపు దొరికింది.

రొట్టెలు వేసుకుని తిరిగే వ్యాను అది, బేకరీ ముందు ఆగి ఉంది. ఆ రోజు నేనూ వెంట ఉన్నాను. నాన్న అలవాటు ప్రకారం సందులో చెయ్యి పెట్టాడు. తీయలేదు. అలాగే చెయ్యి లోపలుంచి, రోడ్డు మీద మోకాళ్ల మీద కూలబడ్డాడు. రొట్టెలాయన కళ్లు తిరిగి పడ్డాడనుకుని నీళ్లు తెచ్చాడు. నేను జరిగినదంతా చెప్పాను. ఆయన కాసేపు తల గోక్కున్నాడు.

"ఒక మనిషి బతుకు కదమ్మా. విప్పుకుపోండి. నేను పట్టా కప్పుకుని తిరుగుతానులే."

అంత మంచివాడు మాకు ఆ సీజన్‌లో ఇంకొకడు తగల్లేదు.

తలుపుని తెచ్చి యార్డు మధ్యలో రెండు స్టూళ్ల మీద పడుకోబెట్టాం. ఎండ కాస్తోంది. పాలమీగడలా తెల్లగా మెరిసిపోతోంది తలుపు. చొట్ట అన్నది ఉండేదో లేదో తెలియకుండా సాపు చేశారు. నాన్న అరచేతితో ఆ చివరి నుంచి ఈ చివరికి తడిమి, "ఇది మన రంగులాయన పనే" అన్నాడు. "ఊళ్లో ఇంకెవడికీ ఇంత చెయ్యి తిరగదు."

రంగులాయన మా వీధి చివర ఉంటాడు. నాన్న దగ్గరే పని నేర్చుకున్నాడు. కబురు పంపితే వచ్చి, తలుపుని చూసి, గేటు దగ్గరే ఆగిపోయాడు.

"పైన తెలుపు, కింద పుట్టీ. ఆ పుట్టీ కింద ఉంటుంది ఆకుపచ్చ" అన్నాడు నాన్న. గీకుడు బిళ్ల తీసుకున్నాడు. అక్క మెట్లు దిగి వచ్చి ఆయన పక్కన నిలబడింది. ఇన్ని వారాల్లో ఆమె ఆయనకి అంత దగ్గరగా రావడం అదే మొదలు. నాన్న అది గమనించాడు. ఆయన వీపు నిటారుగా అయింది.

తెలుపు పొరలు పొరలుగా లేచింది. దాని కింద బూడిదరంగు. దాని కింద పుట్టీ పిండిలా రాలింది. అక్క వంగి ఊదుతోంది. పిండి ఎగిరి నాన్న కనుబొమల మీద పడుతోంది, ఆయన తుడుచుకోవడం లేదు. మొదట కంచమంత మేర, తర్వాత చాపంత మేర గీకాడు. కింద ఇనుము బయటపడింది. కడిగిన పళ్లెంలా తళతళలాడుతోంది. దాని మీద ఏ రంగూ లేదు.

నాన్న తలెత్తకుండానే అడిగాడు. "పాత రంగు మీదే పుట్టీ పెట్టలేదా?"

"లేదు గురువుగారూ" అన్నాడు రంగులాయన గేటు దగ్గర్నుంచే. "మీరు నేర్పినట్టే చేశాను. ఇనుము కనపడేదాకా గీకి, యాసిడ్ పెట్టి కడిగి, ఆరాకే పుట్టీ పెట్టాను. పాత రంగు చుక్క మిగిలినా కొత్తది నిలవదు కదా."

"దాని మీద ఆకుపచ్చ ఉండేదా?"

"నా దగ్గరికి రోజుకి ఎన్నో తలుపులొస్తాయి గురువుగారూ. గుర్తు లేదు. ఒట్టు."

"ఔను" అన్నాడు నాన్న. "బాగా చేశావు."

ఫోను మోగింది. లాయరు. నేనే ఎత్తాను.

"దొరికిందా?"

"తలుపు దొరికిందండీ" అన్నాను. తర్వాత ఏమనాలో తెలియక ఫోను పెట్టేశాను.

నాన్న బిళ్ల కింద పెట్టబోయాడు. అక్క ఆయన చేయి పట్టుకుని ఆపింది. చాలా మెల్లగా, చిన్నప్పుడు ఏదైనా కొనిపెట్టమని అడిగినట్టే అంది.

"ఇంకా గీకు నాన్నా."

"ఇంకేం లేదమ్మా. ఇనుమే."

"గీకు."

నాన్న గీకడం మొదలుపెట్టాడు. రంగులాయన వెళ్లిపోయాడు. ఎండ గోడ ఎక్కింది. ఆయన చెయ్యి ఆగినప్పుడల్లా అక్క మళ్లీ "గీకు" అంది.